కొసరు

తిరపతి పెద్దాసుపత్రిలో
తెల్లకోటు అబ్బయ్య అడిగినాడు:
"మద్దేనం ఏం తిన్నాడమ్మా పిలగాడు?"
దేశమ్మ నా పక్క చూసింది.
నేను నా చేతులపక్క చూసుకున్నా.
గోళ్ళసందుల్లో ఇంకా పులికాట్ బురద.

చెప్తా అబ్బయ్యా, రాసుకో.
పొద్దున్నే తడ రైలుగేటు కాడ
డబ్బాతో కొలిచి పోసినా గుల్లలు, నాలుగు డబ్బాలు.
దేశమ్మ మనవడు గంప అంచు పట్టుకోని
"కొసరెయ్యవా అవ్వా" అన్నాడు
ముందుపళ్ళు రెండూ ఊడిన నోటితో.
గుప్పిడేసినా.
ఇంకో గుప్పిడేసినా.
కొసరెయ్యని చెయ్యి
కాటికి పోయినా కాలదని మాయమ్మ అనేది.

పదిరోజులుగా నీళ్ళు రంగు తిరిగి ఉండాయి.
ఇరకం దీవి దిక్కున
పొద్దుటి టీ సాయంత్రానికి మరగబెట్టినట్టు.
రాత్రిపూట మా చెంచయ్య గెడ దింపితే
గెడచుట్టూ నీలంగా మెరుపు.
నవ్వుకున్నాం.
"చేపలు గూడా దీపావళి చేసుకుంటా ఉండాయే" అన్నాడు.
కంటికి ఆనని నాచు అని
ఇందాక నువ్వు చెప్పినాకే తెలిసింది.
ఎండకి, రొయ్యలగుంటలు ఒదిలిన నీళ్ళ బలానికి,
ముఖద్వారం ఇసకతో పూడిపోతే
తిని, పెరిగి, పిల్లల్ని పెట్టి,
చెరువంతా దాని సంసారమే అయిందని.

గుల్లకేం తెలుసబ్బయ్యా,
నోరు తెరవడం, నీళ్ళు తాగడం, నోరు ముయ్యడం.
ఇసం దాని కడుపులో
వడ్డీకి తిప్పని రూకల్లాగా పడుంటాది.
దానికి జరమూ రాదు, దగ్గూ రాదు.

నాకొచ్చిన పరీక్షలన్నీ చేసినా.
నోరు తెరుచుకోనుండే గుల్లని పారేసినా.
వాసన చూసినా.
రాత్రంతా నానబెట్టి ఇసక కక్కించినా.
దేశమ్మ పసుపేసి కడిగింది,
చింతపండు పులుసులో మూడు పొంగులు రానిచ్చింది.
చెడిపోయిన దానికి ఒక కంపుంటాది గదా,
దీనికి లేదే.
గిన్నె నాకినాడంట పిలగాడు.
శనివారం ఒక్కపొద్దని దేశమ్మ ముట్టలేదు.

నేను తిన్నా. నాలుగే తిన్నా.
పెదాలు జిలజిలా అంటే
ఆకులో సున్నం ఎక్కువైందనుకున్నా.
ఆ సున్నం గూడా గుల్లలు కాల్చిందే.

వాడు మాత్రం "అవ్వా, నా మూతి కనపడటం లేదు" అన్నాడంట.
అద్దం తెచ్చి చూపించింది దేశమ్మ, ఉండాది గదరా అని.
తర్వాత వేళ్ళు.
పలకా బలపం కింద పడినాయి.
నూటెనిమిది బండిలో నాయుడుపేట దాటేసరికి
మాట ముద్ద ముద్దగా,
కాళాస్తిరి కాడ
ఊపిరి తీసుకోవడం మరిచిపోతా ఉండాడు,
పక్కనున్న నర్సమ్మ గుర్తుచేస్తా ఉండాది.

దీనికి విరుగుడు లేదన్నావు.
ఒంటేలుకి పోయిందాకా
మిషనే వాడి తరపున ఊపిరాడుతాదన్నావు.
పొద్దు పొడిచేదాకా గడిస్తే చాలన్నావు.

చెంచయ్యకు ఫోను చేసినా:
ఎవురినీ చెరువులోకి దిగనియ్యబాక,
గంపలన్నీ బోర్లించమను.
"ఎన్నాళ్ళు?" అన్నాడు.
నిన్నడిగినా, నువ్వూ చెప్పలేదు.
"అప్పుదాకా ఏం అమ్ముకోవాల?" అని
ఆయనే మళ్ళీ ఏమనుకున్నాడో పెట్టేసినాడు.

వరండాలో కూర్చోనుండా.
అద్దం అవతల మిషను
తెరుచుకుంటాది, మూసుకుంటాది,
తెరుచుకుంటాది.
గుప్పిడికి పదో పన్నెండో.
రెండు గుప్పిళ్ళు.
డబ్బా లెక్కలో లేనివి.

అబ్బయ్యా,
నాలుగు డబ్బాలని రాసుకో.
రంగు రాసుకో, దీవి పేరు రాసుకో,
నా పేరు గూడా రాసుకో.
ఆ రెండు గుప్పిళ్ళు మాత్రం
దేశమ్మ ముందర
చదవబాక.