ఎనభై ఏడు శాతం

కార్డిఫ్‌లో వాన ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు.
నాలుగో అంతస్తులో కిటికీకి వీపు పెట్టి
నేను పేర్లు చూస్తుంటాను.
ఏం చేస్తావని అడిగితే బ్యాంకంటాను.
ఇంకా అడిగితే, కంప్యూటర్ పని.

ఎడమ పక్క ప్రభుత్వం పంపిన జాబితా,
కుడి పక్క మా ఖాతాదారు,
మధ్యలో యంత్రం వేసిన మార్కులు: ఎనభై ఏడు శాతం.
వార్సమే అబ్ది దిరియె.
పుట్టింది జనవరి ఒకటి.
జాబితాలో వాడిదీ జనవరి ఒకటే.
పుట్టినరోజులు రాసిపెట్టని ఊళ్ళలో
కాగితం కోసం అందరూ ఆ రోజే పుడతారు,
మా పిచ్చయ్య మాస్టారు సగం బడిని
జూలై ఒకటిన పుట్టించినట్టు.

ఇంగ్లీషులో ఒత్తులు నిలవవు.
నా పేరు ధాత్రి. పాస్‌పోర్టులో దత్రి,
జీతం చీటీలో డాట్రి.
ఆయన పేరులో ఒక అక్షరం గొంతు అడుగు నుంచి లేవాలట,
జాబితా రాసిన గుమాస్తా
దాన్ని ఏ చెవితో విన్నాడో.

నెలనెలా ఇరవై ఎనిమిదిన, జీతం పడ్డ సాయంత్రం,
బురావ్ ఊరికి నూట ఎనభై పౌండ్లు.
ఈసారి పదకొండో తారీకు. నాలుగు వందలు.
కారణం అన్న గడిలో ఒకే మాట: ట్యాంకు.
యంత్రం ఎర్రబడింది.

ట్యాంకంటే నాకు మిద్దె మీద నల్ల డ్రమ్ము,
పొంగిపోతోంది మోటారు కట్టెయ్యవే అని అమ్మ కేక.
యంత్రానికి అమ్మ లేదు.

కానీ నవ్వలేను.
చేరిన మొదటి వారం గ్వెన్లియన్ ఒక పాత ఫైలు తెరిచి చూపింది.
అద్దె వ్యాను, రెండు రాత్రుల గది, కొన్ని చిల్లర ఖర్చులు,
అంతా కలిపితే ఒక పెళ్ళిభోజనానికి చాలదు.
ఎవరో నాలాంటి వాళ్ళు "అనుమానం లేదు" అని మూసేశారు.
చివరి పేజీలో ఏడు పేర్లు.
వాటి పక్కన శాతాలు లేవు.

బ్యూట్‌టౌన్‌లో హోదాన్ డబ్బు దుకాణం ఖాతా
పోయిన చలికాలం మేమే మూసేశాం.
"వ్యాపార నిర్ణయం" అన్న ఆ రెండు మాటలు నేనే టైపు చేశాను.
ఇప్పుడా వీధి డబ్బు
ఎవరి కోటు జేబులో ఏ విమానం ఎక్కుతుందో
మా స్క్రీన్ మీద కనపడదు.
ప్రమాదం తగ్గింది అని రిపోర్టులో ఉంది.

జీతం ఇచ్చేది బస్సు కంపెనీ.
సాయంత్రం నేనెక్కిన బస్సులో
డ్రైవరు చొక్కా మీద ఆ పేరే.
"మెట్టు తడిగా ఉంది, చూసుకోండి" అన్నాడు.
మీ డబ్బు నా దగ్గరే ఆగిందండీ అని చెప్తే
చట్టం ప్రకారం నేరం నాది.
థాంక్స్ అని వెనక సీటుకి పోయాను.
ఇంత బరువు చూపు పెట్టి
ఒక మనిషి మెడని ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు జవాబు గడిలో రాశాను:
వాననీళ్ళు పట్టే సిమెంటు తొట్టి.
ఊళ్ళో పాతది పగిలింది. కాంట్రాక్టరు రసీదు జతచేశారు.
రసీదు నిజమేనా?
సంతకం నిజంలాగే ఉంది.
ఎమ్రిస్ రెండో సంతకం పెట్టాడు, శాండ్‌విచ్ తింటూ.
నాలుగు వందలూ కదిలిపోయాయి.

అప్పటి నుంచి పొద్దున్నే రేడియోలో
ఎక్కడో ఏదో జరిగిందని, ఎవరిదో పేరు చదవబోతుంటే
స్టవ్ తగ్గించి నిలబడతాను.
పాలు పొంగుతాయి ఒక్కోసారి.