ఎడం చేతికి

గుణుపూర్ ఆస్పత్రి, పిల్లల వార్డు.
మధ్యాహ్నం రెండున్నర, కరెంటు లేదు.
మా చేతుల్లో తలా ఒక కాగితం,
భువనేశ్వర్ నుంచి వచ్చింది.
నాటువైద్యం మీద, ఆయుర్వేదం మీద, హోమియో గోళీల మీద
నర్సింగ్ పిల్లల అభిప్రాయం కావాలట.
ఇరవై రెండు ప్రశ్నలు, ప్రశ్నకి అయిదు గళ్ళు.
'పూర్తిగా ఒప్పుకుంటాను' దగ్గర మొదలై
'అస్సలు ఒప్పుకోను' దగ్గర ఆగుతాయి.
నడిమి గడి పేరు 'చెప్పలేను'.

తపస్విని టకటకా టిక్కులు పెట్టేసింది,
అన్నీ చివరి గడిలోనే.
వాళ్ళ నాన్న కామెర్లకి ముక్కులో పసరు పోయించుకుని
నెల తిరక్కుండా పోయాడు.
ఆ టిక్కుల మీద నేను మాట్లాడను.

లోచన్ పెన్ను నమిలి నమిలి
అన్నీ నడిమి గళ్ళో పెట్టాడు.
పోయిన వానాకాలం చలిజ్వరానికి
మాత్రలు మింగుతూనే
మాయమ్మ పంపిన నేలవేము కషాయం
కళ్ళు మూసుకుని గుటకేసి
"సిస్టర్‌కి చెప్పకు" అన్నవాడు.

నా పెన్ను మొదటి ప్రశ్న దగ్గరే ఆగింది.
ఇలాంటి చికిత్సలతో మీకు స్వానుభవం ఉందా?

ఉంది.
బొడ్డు చుట్టూ ఉంది.
పుట్టిన పదకొండో రోజున కడుపుబ్బరమని
మా నాయనమ్మ కాల్చిన చువ్వతో పెట్టిన ఏడు వాతలు.
నేను సాగినకొద్దీ అవీ సాగి
ఇప్పుడు చింతగింజలంత ఉన్నాయి.
అదే నాయనమ్మ
నాకు తేలు కుట్టిన రాత్రి
నా కాలు ఒళ్ళో పెట్టుకుని
ఏదో ఆకు నూరి రాస్తూ కూచుంది.
తగ్గింది ఆకుకో, ఒడికో,
ఊరికే తెల్లారినందుకో
ఈ కాగితం అడగలేదు.

ఇవాళ పొద్దున్నే
పుట్టాసింగి కొండ దిగి సుంబారి గమాంగ్
తొమ్మిది నెలల పిల్లని తెచ్చింది.
రెండ్రోజులుగా విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి.
నాడి దారంలా ఉంది.
కుడి మణికట్టుకి నిజంగానే ఒక దారం,
నల్లది, దానికి వేరుముక్క.
ఎంత వెతికినా నరం దొరకలేదు.
ఒక్కటే, సన్నగా, నీలంగా,
సరిగ్గా ఆ వేరు కింద.

మినతి సిస్టర్ కత్తెర అందించింది.
"కొయ్యి."
సుంబారికి ఒడియా రాదు. నాకు సవర మాట రాదు.
కత్తెర మాత్రం అందరికీ అర్థమైంది.
పిల్లని గుండెకి అదుముకుని వెనక్కి ఒక అడుగేసింది.
ఇంకో అడుగైతే గుమ్మం,
గుమ్మం దాటితే మెట్లు,
మెట్లు దిగితే మళ్ళీ కొండే.

కత్తెర ట్రేలో పడేసి
గోళ్ళతో ముడి విప్పాను.
చెమటకి బిగిసిన ముడి, ఎంతకీ రాదు.
సిస్టర్ గడియారం చూసింది, నన్ను చూసింది.
ఫోను లైటు పట్టుకున్న తపస్విని
"దాన్నైనా స్పిరిట్‌తో తుడువు" అంది.
తుడిచాను,
వేరుని, దారాన్ని, నా వేళ్ళని.
పిల్ల ఎడం చేతికి కట్టాను, వదులుగా.
సుంబారి నా ముడిని తడిమి చూసి
నమ్మకం చాలక
విప్పి మళ్ళీ తనే కట్టుకుంది.
అప్పుడు కుడిచేతిని చాపి పట్టుకుంది, సూది కోసం.
రెండో పోటుకి రక్తం కనబడింది.

ఏ నీళ్ళు ఎక్కాయో నాకు తెలుసు.
ఎంత ఉప్పు, ఎంత బరువుకి ఎన్ని మిల్లీలీటర్లు,
మూడేళ్ళుగా చదువుతున్నది అదే.
వేరు పేరు మాత్రం తెలీదు.
అడగడానికి మాట కూడా లేదు.

"కాగితాలివ్వండమ్మా" అంటూ సిస్టర్ వచ్చింది.
నాది ఒక్క టిక్కుతో అలాగే ఉంది.
ఇంతలో సుంబారి కేక,
పరిగెత్తాను, లోచన్ నా వెనకే.
పిల్ల ఒంటికి పోసింది.
నిన్నటి సాయంత్రం నుంచి ఇదే మొదలు.
"ఎంత?" సిస్టర్ అక్కణ్ణించే అడిగింది.
తపస్విని తడిగుడ్డని రెండు చేతులా పట్టుకుని
దీపారాధన కుందిలా మోసుకొస్తూ,
"తూచాలి సిస్టర్,
ముందా త్రాసు ఇటివ్వండి."