రాళ్ళు నింపిన ఓడ

ఎమ్లిన్ ప్రాసర్ అనే పేరు
మా జాలారిపేటలో ఎవరి నోటా తిరగలేదు.
అమిలీను దొర అన్నారు కొన్నాళ్ళు,
తర్వాత కుంటి దొర,
ఆఖరికి ఒట్టి అమిలీ.

వేల్స్‌లో బొగ్గు గనుల ఊరట వాళ్ళది.
పద్నాలుగేళ్ళకే భూమి కిందికి దిగినవాడు
శనివారం మధ్యాహ్నం పైకొచ్చి
కనురెప్పల అంచున మసి అలాగే ఉండగా
గోల్ కొట్టేవాడట.
ఎన్ని కొట్టావని అడిగితే
ఒకరోజు ఎనభై అనేవాడు, ఇంకోరోజు నూట పది.
సారాని బట్టి లెక్క.
ఎర్ర చొక్కా తొడుక్కుని దేశం తరఫున ఆడింది మాత్రం
ఎప్పుడడిగినా ఒక్కసారే.
ఆ అంకె ఏ మత్తులోనూ పెరగలేదు.

ఆ ఒక్కసారీ వాన.
తోలుబంతి నీళ్ళు తాగి పనసకాయంత బరువు.
రెండో సగంలో మోకాలు
ఎండు కొబ్బరిమట్టలా విరిగిన చప్పుడు
అవతలి గోల్‌కీపర్‌కి వినిపించిందట,
తనకి కాదు.

మళ్ళీ ఎవరూ పిలవలేదు. గనులూ మూతపడ్డాయి.
డ్రెడ్జర్ మీద ఇంజను మనిషి కావాలంటే
సంతకం పెట్టి ఓడెక్కి
విశాఖపట్నం బురద తవ్వడానికొచ్చాడు.
"అక్కడా తవ్వుడే, ఇక్కడా తవ్వుడే,
ఇక్కడ నెత్తిమీద ఆకాశముంది" అన్నాడని
బట్లర్ అప్పారావు చెప్పేవాడు.

సాయంత్రం కూత మోగాక
వలలు ఆరేసే ఇసకలో మమ్మల్ని నిలబెట్టేవాడు.
తెలుగులో అతనికొచ్చినవి నాలుగే మాటలు:
ఇటు, అటు, బేగి, ఒగ్గేయ్.
ఫుట్‌బాల్‌కి ఐదోది అక్కర్లేదు.
బంతిని కాళ్ళమధ్య దాచుకునే వాడి మీద
చేతికర్ర విసిరేవాడు: ఒగ్గేయ్!

మైలపల్లి దానయ్య పాదాలు చూసి
బూట్లు తెప్పిస్తానన్న మాట వెనక్కి తీసుకున్నాడు.
పడవ అంచున నిలబడ్డం వచ్చిన కాలికి
గడ్డి ఒక లెక్కా?

వాల్తేరు రైల్వే జట్టుతో ఆడాం.
నాలుగు తిన్నాం, ఒకటి కొట్టాం.
ఆ ఒకటి దానయ్యది, ఉత్తకాలి బొటనవేలితో.
గీత అవతల అమిలీ
తనకి మోకాలొకటి లేదని మర్చిపోయి
పది గజాలు పరిగెత్తి బోర్లా పడ్డాడు.
ఆ రాత్రి లెక్క అడిగితే
నూట పదకొండు అన్నాడు.

డాల్ఫిన్ కొండ దగ్గర అలలకి అడ్డంగా
రెండు ముసలి ఓడల్ని రాళ్ళతో నింపి ముంచిననాడు
ఊరంతా ఒడ్డునే.
"నడవని ఓడకీ పనుంది సూడు" అన్నాడు మా అయ్య.
ఏటన్నాడని అమిలీ కళ్ళతో అడిగాడు.
ఎవరం చెప్పలేదు.
టోపీ తీసి చేతిలో పట్టుకుని
నీళ్ళు కదలడం మానేదాకా నిలబడ్డాడు.

హార్బరు అయిపోయింది, దొరలు వెళ్ళారు,
అతను వర్క్‌షాపులో ఉండిపోయాడు.
దానయ్య క్రేనెక్కాడు, పొట్ట పెంచాడు.
నాకు మీసం వచ్చింది.

ఇంక ఆ ఏప్రిల్.
జపాను విమానాలు రేవు మీదికొచ్చిన రోజు
మా అమ్మ రాగిబిందె నెత్తిన పెట్టుకుని,
పిల్లని చంకనేసుకుని,
ఏ దిక్కో తోచక ఇసకలో గిరగిరా తిరుగుతోంది.
కర్ర ఊపుకుంటూ అమిలీ:
"అటు! అటు! బేగి!"
బిందె కేసి చూపించి,
గొంతు చిరిగేలా: "ఒగ్గేయ్!"

ఒగ్గేసింది.

ఆ పొద్దు తర్వాత అతన్ని చూశామన్నవాళ్ళు లేరు.
నాలుగు శేర్ల రాగి పోగొట్టాడని
మా అమ్మ మరో ముప్ఫై ఏళ్ళు తిట్టింది అమిలీని.
తిట్టడానికి బతికే ఉంది.