రెండు కళ్ళూ

చింతలవలస ఫైరింగ్ రేంజిలో, పొద్దున్నే,
దుప్పటి పరిచి రెండు సైట్లు పెట్టేరు.
ఒకటి గొట్టంలా, బరువు.
ఒకటి ఒంటి కళ్ళద్దమంత.
"దాలినాయుడు గారూ, ఏది కొందాం?" అన్నాడు ఆర్.ఐ.

రాత్రంతా బకెట్ నీళ్ళలో ముంచేను.
బొబ్బిలి రోడ్డు గోతుల్లో
జీపు టూల్‌బాక్సులో వేసి తిప్పేను.
రెండూ బతికేయి.

కానీ దేంట్లోంచి చూసినా
ఎర్ర చుక్క చుక్కలా లేదు,
కాళ్ళు మొలిచిన ఎర్రచీమలా ఉంది.
"అద్దాలు బాగోలేవు" అన్నాను.

బెవర సుగుణ, కొత్తగా చేరిన గుంట,
బుగ్గ ఆనించి చూసింది.
"బొట్టులాగ గుండ్రంగానే ఉంది సార్."
ఆపైన ఏటీ అనలేదు. నేనూ అనలేదు.

ముప్ఫై ఏళ్ళు, వందలమందికి
ఎడమకన్ను ముయ్యడం నేర్పేను.
చిన్నదానికి రెండూ తెరిచే ఉంచాలట.
తెరిచేను.

చీమ అక్కడే ఉంది. దాని చుట్టూ
మట్టిదిబ్బ, దిబ్బ మీద జీడిమొక్క,
ఆ పక్క దూరంగా పుల్లలమోపుతో ఒక ముసలామె,
ఎర్రజెండా చూసి ఆగిపోయి,
మోపు దించకుండా,
మేం ఎప్పుడు కానిస్తామా అని.

ఇండెంటులో చిన్నదాన్నే రాసేను.
కారణం అన్న గడిలో
"తేలిక" అని రాసి
సంతకం పెట్టేను.