మూడు పళ్ళ చక్రాలు

ఒంగోలు పాత పేపర్ల కొట్లో
కిలో లెక్కన కొన్న అట్టలేని పుస్తకంలో దొరికాడు వాడు.
ఏ దేశంవాడో, పేరున్న చోటే చెదలు తిన్నాయి.
తల గరాటా, మెడ స్ప్రింగు,
భుజాల దగ్గర రెండు అరచక్కలు,
తొడలు పొగగొట్టాలు.
గుండె ఉండాల్సిన చోట
ఒకదాన్నొకటి కొరుక్కుంటూ మూడు పళ్ళ చక్రాలు.

తొమ్మిదో తరగతికి చూపించాను.
"రోబో సార్" అంది వెనక బెంచీ.
"మనిషిరా" అన్నాను.
నవ్వులు పైన రేకులకి తగిలి కిందపడ్డాయి.
చీమకుర్తిలో మధ్యాహ్నం పూట
నవ్వులో కూడా కాస్త రాతిపొడి తగులుతుంది.

అయినా ఇరవై రెండేళ్ళుగా నేను నేర్పుతున్నదేమిటి?
తలకి కోడిగుడ్డు గీయండి, మొండేనికి పలక,
మనిషంటే ఏడున్నర తలల ఎత్తు,
చెరపండి, మళ్ళీ గీయండి.
అంత కొలత సరిపోయిన మనిషిని
ఈ ఊళ్ళో నేను చూడలేదు,
మా హెడ్మాస్టరు గారితో సహా.

మాలకొండయ్య కొడుకు ఆ కాగితం అడిగి పట్టుకెళ్ళాడు.
మర్నాడు తెచ్చిచ్చాడు,
గుండె మీద గ్రీజు బొటనవేలి ముద్రతో.
"ఇది తిరగదంట సార్. మా నాయన చెప్పమన్నాడు."

సాయంత్రం పాలిషింగు షెడ్డుకి వెళ్ళాను.
రంపపు బిళ్ళ కింద నల్లరాయి
నీళ్ళు తాగుతూ తెగుతోంది,
తెగిన చోటల్లా బంగారు నలుసులు.
బెల్టు పక్కన మాలకొండయ్య కూర్చున్నాడు.
కూర్చోవడం అనకూడదు దాన్ని,
నడుం దగ్గర నూట ఇరవై డిగ్రీల్లో ఆగిపోయాడు.
వంగిన వీపు, మడిచిన మోకాలు, చేతిలో రెంచీ,
స్కేలు పెట్టి కలిపితే త్రిభుజం.
నాకు ముందు తోచింది అదే. సిగ్గేసింది.

చెయ్యి లుంగీకి తుడుచుకుని కాగితం అందుకున్నాడు.
"రెండు చక్రాలైతే ఇది ఇటు, అది అటు. పనైపోద్ది.
మూడోది వచ్చి రెంటినీ పట్టుకుందనుకో సారూ,
ఏది ఎటు తిరగాల? బిగుసుకుపోద్ది.
బొమ్మేసినాయన
షెడ్డులో ఒక్కనాడు చెయ్యి పెట్టినట్టు లేడు."

తిరగదని తెలిసే వేశాడేమో, అన్నాను.

రంపం ఆపాడు.
చెవుల్లో మోత ఇంకా ఆగలేదు.
జేబులోంచి సుద్దముక్క తీసి
పక్కనున్న పలక మీద మూడు సున్నాలు గీశాడు,
ఒకదానికొకటి తగిలేట్టు.
వేలితో ఒకదాన్ని తిప్పి చూశాడు, నిజంగా తిరుగుతుందన్నట్టు.
చాలాసేపటికి అన్నాడు:
"అట్టయితే సారూ,
ఈయన యాడ పనిచేసినాడో కనుక్కోండి."

నేనేం కనుక్కోలేదు.
ఆ పలక తెల్లారి కృష్ణపట్నం రేవుకి లోడయింది.
ఏ దేశంలో ఏ వంటింటికి గట్టవుతుందో.
సుద్దగీతలు ఎవరైనా తుడిచారో లేదో.