పళ్ళతో వినడం

ఏ బుల్లెట్టు మంచిదని అడిగేరు తేజోవతి గారూ,
నా మొహంకేసి తిరిగి అడిగేరు, అదింకా మంచిది.
కూకోండి. ఆ టైరు మీద కాదు, గ్రీజుంది.
సాలూరు ఘాటీ రోజూ ఎక్కే మనిషి,
పశువుల మందుపెట్టె వెనక కట్టుకొని.
మీకు అబద్ధం చెప్పకూడదు.

ఇది డెబ్బై తొమ్మిదిది.
ఇనుప గుండె. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి,
పైకొకటి, కిందికి మూడు.
లేపాలంటే ముందు మర్యాదగా అడగాలి.
మీటరు ముల్లు నడిమికి రావాలి,
చిన్న పుల్ల నొక్కి దాని ఊపిరి వదిలించాలి,
అప్పుడొక్క తన్ను.
తొందరపడితే అదే తిరిగి తంతాది.
మా కాసిం మేస్త్రీ చీలమండ
బొబ్బిలి వీణ బుర్రలా వాచి ఆరు వారాలుంది.
బండినొక్క మాట అనలేదాయన.
"నిద్దట్లో ఉన్నదాన్ని లేపీసినాను, తప్పు నాదే" అన్నాడు.

అరవైలో ఇది కబుర్లు చెప్తాది.
ఎనభై దాటించేరా,
అద్దంలో వెనకొచ్చే లారీ నాలుగు లారీలైపోతాది.
నూనె కారుతాదా అనడక్కండి.
కారుతున్నాదంటే లోపల ఉన్నట్టు.

పక్కది డీజిలు. నవ్వకండి.
గజపతినగరం గోగునార షావుకారు
కోరాడ సన్యాసప్పడిది.
లీటరుకి ఎనభై ఇచ్చీది, గంటకి అరవై దాటీది కాదు.
రెండు నారమోపులూ, ఆయనా, ఆయన బావమరిదీ.
తెల్లారగట్ల రైసుమిల్లు నడిచొస్తున్న చప్పుడికి
మూడు లాంతర్ల కాడ టీకొట్టువాడు పొయ్యి రాజేసీవాడు.
ఆయన పోయేక కొడుకు తెచ్చి ఇక్కడ వదిలీసేడు.
నెలకోసారి తిప్పుతాను. ఎందుకంటే చెప్పలేను.

అదిగో, మూలకున్నది అల్యూమినియం గుండెది.
తక్కువ తాగి ఎక్కువ నడవడం నేర్పేరు దానికి.
ఉపాసమున్న మనిషి చురుకు చూసేరా, అలగ.
బయల్దేరడం బాగుంటాది,
సుంకి మలుపుల్లో మూడో గేరులో ఒక దగ్గు.
పాతోళ్ళు దాన్ని బుల్లెట్టనలేదు,
కొత్తోళ్ళు దానివేపు చూడలేదు.
నడిపి బిడ్డ.

ఆ తరవాత
ఇంజనూ గేరుపెట్టే ఒకే ఒంట్లో పుట్టేయి,
గేరు ఎడమకాలికి వెళ్ళిపోయింది.
మొదటిరోజే కోట జంక్షన్లో
బ్రేకనుకొని గేరు తొక్కీసి
పనసపళ్ళ బండిలోకి వెళ్ళిపోయేను.
ముప్పై ఏళ్ళ అలవాటండి,
కాళ్ళకి ఎవరు చెప్తారు?
ట్యాపెట్లు వాటంతటవే సర్దుకుంటాయట.
నా ఫీలరు గేజీ సొరుగులో తుప్పట్టింది.

ఇక ఇది నిరుటిది. తన్నే కాడే లేదు, బొత్తాం.
వందలో ట్యాంకు మీద టీగ్లాసు పెట్టినా తొణకదని
మా జోగినాయుడంటాడు, నేను పెట్టి చూళ్ళేదు.
జబ్బు చేస్తే డబ్బా తగిలిస్తాడు,
అంకె వస్తాది, అంకెకో మందు.
ఘాటీ ఎక్కినప్పుడు కూడా
ఎక్కుతున్నట్టు ఒప్పుకోదు.

మీకొక సంగతి చెప్పాలి.
స్క్రూడ్రైవరు మొన ఇంజనుకానించి
పిడి చెవిలో పెట్టుకోమన్నాడు కాసిం మేస్త్రీ.
నలభై ఏళ్ళు అలగే విన్నాను.
ఇప్పుడు చెవులు పోయేయి,
మీ పెదాలు చూసి మాటలు పోల్చుకుంటున్నాను.
పిడి పళ్ళ మధ్య పెట్టుకుంటాను.
బేరింగు అరుగుదల కుడి దవడకి తెలుస్తాది,
చైను వదులు ముందుపళ్ళకి.
కొత్తది నా పళ్ళకి ఏమీ చెప్పదు,
బాగున్నాననీ చెప్పదు.
పాతది పళ్ళన్నీ లెక్కపెడతాది.
కిందటేడు ఒకటి తగ్గిందని దానికీ తెలుసు.

కొత్తదే కొనుక్కోండి.
కొండమీద ఊళ్ళో అర్ధరాత్రి
దూడ కడుపులో అడ్డం తిరిగితే
ముల్లు నడిమికొచ్చే వరకూ ఆవు ఆగదు.

ఏటి?
పాతదాన్ని ఒక్కసారి తన్నొచ్చా అంటున్నారా?
చెప్పులతో కాదు. బూట్లున్నాయా, సరే.
ముల్లు చూడండి. ఇంకా.
ఇంకాస్త.
పుల్ల వదిలీయండి.
నేనీ గోడ మీద చెయ్యేసి నిలబడతాను,
లేచిందో లేదో గోడ చెప్తాది.