వంతు నీళ్ళు

ముప్ఫై ఒక్కేళ్ళు లాకుల దగ్గర లస్కరుగా చేశాను.
తూముల తాళంచెవులు నా మొలతాడుకే ఉండేవి.
కొలబద్ద మీద అంకె చూసి
ఎవరి చేలోకి ఎంత వెళ్ళాలో చెప్పేవాణ్ణి.
ఇప్పుడు నా కొలబద్ద
వంటింటి గట్టు మీద ప్లాస్టిక్ సీసా.

ఏడువందల మిల్లీలీటర్లు.
నాగరత్నం తెల్లారగానే నింపి పెడుతుంది.
టీ తాగితే టీ అంత ఒంపేస్తుంది,
మజ్జిగ పోస్తే మజ్జిగంత.
మాత్రలు మింగే రెండు గుక్కలూ లెక్కే.
సాయంత్రానికి అడుగున వేలెడు మిగిలితే
ఆ పూట నేను షావుకారుని.

ఇంటి వెనక కాలవ, ముందు పంటబోదె,
పైన ఆషాఢం.
చూరునీళ్ళకి బకెట్లు మారుస్తుంటే
నోట్లో నాలిక అట్టముక్క.

మంగళ, గురు, శని నా వంతు.
దాళ్వాకి వేసినట్టే వేశారు అమలాపురంలో.
ఐదున్నర బస్సు, చంకలో దుప్పటి.
తూకం ఎక్కగానే దీవెన అనే పిల్ల
"రెండుంపావు పెరిగారండి, పుచ్చకాయేమైనా తిన్నారా?" అంటుంది.
తిన్నాను. ఒక్క ముక్క. పెళ్ళి భోజనంలో.
గట్టుకి దొంగగండి కొట్టి దొరికిన రైతులా
తల వంచుకున్నాను.

పక్క మంచం వీర్రాఘవులుది.
కొబ్బరి దింపు తీసేవాడు.
రోజుకి అరవై చెట్లెక్కినవాణ్ణి
కొబ్బరినీళ్ళు ముట్టుకోవద్దన్నారు.
"బొండాల బండి కనపడితే
సారా కొట్టు ముందు నిలబడ్డట్టుంటాది బావా" అంటాడు.
నాలుగు గంటలు.
మిషను మా రక్తం ఉతుకుతుంటే
కళ్ళు మూసుకుని వంటలు చెప్పుకుంటాం:
ఆవపెట్టిన పనసపొట్టు,
చింతచిగురేసిన చిన్న రొయ్యలు,
అమృతపాణి గెల ముగ్గేసిన గదిలో వాసన.

ఒక శనివారం అతని మంచం ఖాళీ.
నేను అడగలేదు. అక్కడ ఎవరూ అడగరు.
ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.
మంగళవారం తెలిసింది,
కూతురి పురుడని రాత్రి షిఫ్టుకి మారాడట.
అంతలా నా జన్మలో ఏ మనిషినీ తిట్టలేదు.

ఇంట్లో కూర రెండుసార్లు ఉడుకుతుంది.
ముక్కలు రాత్రంతా నానేసి,
ఉడికించి, వార్చి, ఆ నీళ్ళు పారబోసి
అప్పుడు తాలింపు.
"రుచంతా తూములో పోయింది" అన్నాను.
"పోతే పోయింది, తినండి" అంది.
ఉప్పు లేని ఆ కూరే తనూ తింటోంది.
ఆవకాయ జాడీ మాత్రం
తోడికోడలింటికి కాపురం వెళ్ళింది.

మొన్న రాత్రి పదకొండుకి అడిగాను.
"ఒక్క గుక్క."
"సీసా అయిపోయింది."
"సగం గుక్క."
"పైనుంచి ఆర్డరు లేదు" అంది.

ఆ మాట నాది.
శివారు చేనుకి నీరందక
బ్యాటరీ లైటేసుకుని అర్ధరాత్రి వచ్చి
"రెండంగుళాలు ఎత్తు బాబూ, చేను పొట్టమీదుంది" అన్న
అచ్చియ్యమ్మతో గుమ్మంలోనే అన్న మాట.
తలుపు వెనక నుంచి విని గుర్తు పెట్టుకుందో,
నాతో కాపురం చేసి అబ్బిందో.

పొట్టమీదున్న చేనుకి దాహం ఎలా ఉంటుందో
అప్పుడు నాకు తెలీదు.
ఆర్డరు మాత్రం నిజంగానే లేదు.
మంచం మీద ఆ వైపుకీ ఈ వైపుకీ
ఈ రెండు మాటలే.

ఎడం మోచేతి దగ్గర కోసి రక్తనాళాలు కలిపారు.
చెవి పెడితే,
షట్టరు అంగుళం లేపినప్పుడు
అడుగునుంచి నీరు తోసుకొచ్చే చప్పుడు.
అది ఆగకూడదట, రోజూ చూసుకోమన్నారు.
లస్కరుకి చెప్పాలా?

దీపం ఆర్పే ముందు నాగరత్నం కూడా
చేతికి చెవి ఆనిస్తుంది.
"వస్తోందా?" అంటాను.
"ఆయ్, వస్తోందండి" అంటుంది,
ఎక్కడో శివారు గట్టు మీద నిలబడి
కేకేసినట్టు.